పాలెం మీదుగా మా దారి

మా నాన్న సేద్యం చేసిన భూమిలో ఇప్పుడు ఇళ్లున్నాయి. కడప అంచున, రింగురోడ్డు దాటి కొండల వైపు పోతే ఎడమ చేతి పక్క కనబడే గేటెడ్ కాలనీ అదే. దాన్ని వేసింది మా అన్న. నాన్న పోయాక వానను నమ్ముకుని సేద్యం చేయడం తన వల్ల కాదని, ఇద్దరు భాగస్తులతో కలిసి పొలాన్ని ప్లాట్లుగా మార్చాడు. నా వాటా కింద మూల మీద ఒక ఇల్లు కట్టించి ఇచ్చాడు. నేను ఊళ్లో ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. మా ఆయన ఉద్యోగం కర్నూల్లో, వారానికోసారి వస్తాడు. అద్దె ఇల్లు ఖాళీ చేసి ఆ ఇంట్లో చేరినప్పుడు, నాన్న తిరిగిన నేల మీదే మళ్లీ ఉండబోతున్నానని సంబరపడ్డాను. దారి గురించి ఆలోచించలేదు.

కాలనీకి దారి పాలెం మీదుగా. పాలెం అంటే మా పొలానికి ఆనుకుని ఉన్న క్రైస్తవుల ఊరు. ఒకప్పుడు మా చేలల్లో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది అక్కడివాళ్లే. వాళ్ల తాతల కాలం నాటి రాతి చర్చి, దాని పక్కన చిన్న బడి, రెండు వైపులా ఇళ్లు, మధ్యలో ఒకే ఒక సిమెంటు రోడ్డు. రెండు ఎద్దుల బండ్లు ఎదురుపడితే ఒకటి ఆగాల్సిందే, అంత వెడల్పు. ప్లాట్లు అమ్మేటప్పుడు అన్న అందరికీ చూపించిన ప్లానులో కాలనీ ముందు నుంచి హైవే దాకా నలభై అడుగుల రోడ్డు గీసి ఉండేది. ఆ రోడ్డు పోవాల్సిన భూమి వేరేవాళ్లది. అది అన్నదమ్ముల తగాదాలో పడి కోర్టుకెక్కింది. అది తేలేదాకా పాలెం మీదుగా బండ్లు పోనీయమని అన్న పాలెం పెద్దలను అడిగాడట. ఆర్నెల్ల మాట అన్నాడట. పోయిన నాన్న మీది గౌరవంతో వాళ్లు సరేనన్నారు. నేను చేరేనాటికే ఆ ఆర్నెల్లు ఏండ్లయ్యాయి.

తెల్లవారితే ఆ రోడ్డు మీద ఇసుక టిప్పర్లు మొదలయ్యేవి. తర్వాత నీళ్ల ట్యాంకర్లు, కాంక్రీటు మిక్సర్లు, స్కూలు బస్సులు, ఆఫీసులకు పోయే కార్లు. ఇంటి గడప దిగితే రోడ్డే కాబట్టి పాలెం ఆడవాళ్లు పిల్లలను చెయ్యి పట్టుకుని దించేవాళ్లు, అటూ ఇటూ చూసి బిందె ఎత్తేవాళ్లు. నేను స్కూటీ మీద పోతుంటే మంచాల మీద కూర్చున్నవాళ్లు లేచి మంచం గోడవైపుకు జరిపేవాళ్లు. హారన్ కొట్టకపోయినా లేచేవాళ్లు. మొదట్లో అది నా మీద ప్రేమ అనుకుని నవ్వుతూ తలూపేదాన్ని. మా నాన్న మోటారు సైకిలు వస్తున్నా వాళ్లు ఇట్లాగే లేచేవాళ్లని గుర్తుకొచ్చాక నవ్వడం మానేశాను. ఏం చేయాలో తెలియక తల దించుకుని పోయేదాన్ని.

మలుపులో ఉన్న ఇల్లు అవ్వది. నా చిన్నప్పుడు ఆమె మా చేలో కలుపు తీసేది. అమ్మకు ఒంట్లో బాగలేని రోజుల్లో నన్ను చెట్టు నీడన కూర్చోబెట్టుకుని కనిపెట్టుకుని ఉండేది. అప్పుడు నేను ఆమెను పేరుపెట్టి పిలిచేదాన్ని. మా ఇంట్లో పిల్లల దగ్గర నుంచి పెద్దల దాకా అందరూ అట్లే పిలిచేవాళ్లు. ఇప్పుడు అవ్వా అంటున్నాను. ఆమె పిలుపు మాత్రం మారలేదు. యాభై దాటినా నేను ఆమెకు పాపనే.

ఒకరోజు బడికి పోతుంటే అవ్వ ఇంటి అరుగు సగం విరిగిపడి ఉంది. మలుపు తిరుగుతూ టిప్పరు వెనక చక్రం ఎక్కించేసిందట. తాను ఆ సమయానికి లోపల ఉన్నానని, ఎవరికీ ఏమీ కాలేదని అవ్వ నాకే ధైర్యం చెప్పింది. అన్నకు ఫోన్ చేస్తే మేస్త్రీని పంపి బాగు చేయించాడు. కొన్నాళ్లకు మిక్సరు లారీ వచ్చి మళ్లీ అక్కడే విరగ్గొట్టింది. ఈసారి అవ్వ మేస్త్రీని వెనక్కి పంపేసింది. కట్టడం, పగలడం, ఈ పనంతా ఎందుకని చెప్పమంది. అన్నకు ఆ మాట చేరవేశాను. అతను హమ్మయ్య అన్నట్టు నవ్వాడు. నేను కూడా కొంచెం నవ్వాను.

ఆ ఏడు శివరాత్రి దాటాక కాలనీ సంఘం రోడ్డు గురించి మీటింగు పెట్టింది. బడి దగ్గర ఒక కారు పిల్లలను తృటిలో తప్పించుకుని పోయిందని పాలెంవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాటి మొద్దు వేశారు. దానికి కాలనీలో ఒకరి కొత్త కారు అడుగుభాగం గీసుకుపోయింది. ఆయన పోలీసులకు చెప్పి మొద్దు తీయించాడు. కాలనీవాళ్లకు వేరే ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక జనం రోడ్డంతా నిలబడతారని, ఎండాకాలంలో చింతపండు రోడ్డు మీద ఆరబోస్తారని, టైర్లకు అంటుకుంటుందని. రెండు వైపులవాళ్లూ కూర్చుని మాట్లాడుకుంటే మంచిదని పాలెంవాళ్లనూ పిలిచారు.

క్లబ్‌హౌసులో కుర్చీలు కాలనీవాళ్లకే సరిపోయాయి. పాలెం నుంచి వచ్చినవాళ్లు గోడ పొడవునా నిలబడ్డారు. వాళ్లలో చర్చి పాస్టరు ఉన్నాడు, ఆయనను పాలెంలో అయ్యగారు అంటారు. అవ్వ కూడా వచ్చింది. మేమంతా చెప్పులతోనే లోపల కూర్చుని ఉన్నాం. వాళ్లు బయట విడిచి వచ్చారు. అన్న ముందు వరసలో, నేను అతని పక్కన.

అయ్యగారు అడిగినవి పెద్ద కోరికలేమీ కావు. బడి ముందు ఒకటి, చర్చి ముందు ఒకటి స్పీడు బ్రేకర్లు కావాలి. పిల్లలు బడికి పోయే వేళ, వదిలే వేళ టిప్పర్లు ఆపాలి. ఆ రెండూ ఆయన నిదానంగా చెప్పాడు. రిటైరైన ఆఫీసరు ఒకాయన లేచి, రోడ్డు ఉన్నది బండ్లు తిరగడానికని, చింతపండు ఎండబెట్టుకోవడానికి కాదని అన్నాడు. కొందరు నవ్వారు. అన్న నేల చూపులు చూస్తున్నాడు.

అప్పుడు నేను లేచాను. మంచి చేద్దామనే లేచాను, అది మాత్రం నిజం. టెన్నిస్ కోర్టు కోసమని పార్కు పక్కన వేసిన సిమెంటు గచ్చు ఖాళీగా పడి ఉందని, ఈ ఎండాకాలం పాలెంవాళ్లు చింతపండు అక్కడ ఆరబోసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదని చెప్పాను. ముప్పై ఏండ్లుగా పాఠాలు చెబుతున్న గొంతు కదా, బాగానే వినిపించింది. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. సంఘం అధ్యక్షుడు నాకు ధన్యవాదాలు చెప్పాడు. టీ వచ్చింది. టీతో మీటింగు అయిపోయింది. స్పీడు బ్రేకర్ల మాట గానీ, టిప్పర్ల మాట గానీ మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వాళ్లు అడిగినది నా మాట కింద పడి మూసుకుపోయిందని ఆ గదిలో నాకు తప్ప అందరికీ తెలిసినట్టుంది. అయ్యగారు పోతూ నా దగ్గర ఆగి, "సంతోషమమ్మా" అన్నాడు. నేను తృప్తిగా ఇంటికి నడిచాను.

ఆ సాయంత్రమే కాలనీ వాట్సాప్ గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి. బయటివాళ్లను లోపలికి రానిస్తే పిల్లల భద్రత ఏమిటని ఒకరు, ఒకసారి అలవాటు చేస్తే మళ్లీ ఆపలేమని ఇంకొకరు. కింద వరసగా బొటనవేళ్లు. జవాబు రాయాలనుకున్నాను. రేపు నిదానంగా రాద్దామని ఆగాను. మరుసటి రోజు గ్రూపు వేరే సంగతుల్లోకి పోయింది, ఇక అది అయిపోయిందనుకున్నాను.

ఒంటిపూట బడులు మొదలైన వారం. మిట్టమధ్యాహ్నం ఇంటికి వస్తుంటే కాలనీ గేటు పక్కన, గోడ వేసిన సన్నని నీడలో అవ్వ కూర్చుని ఉంది. పక్కన పాత చీరలో కట్టిన పెద్ద చింతపండు మూట. స్కూటీ ఆపగానే వాచ్‌మన్ పరుగెత్తుకుని వచ్చి, తనను ఏం చేయమంటారని, బయటివాళ్లను పంపొద్దని సంఘంవాళ్లు గట్టిగా చెప్పారని మొత్తుకున్నాడు. అవ్వ అతని మాటకు అడ్డం వచ్చింది.

"ఆయప్పను ఏమీ అనొద్దు పాపా. నువ్వు ఆడ ఆరబోసుకోమంటివి గదా, అందుకే వచ్చినా."

ఎప్పుడొచ్చావని అడిగితే పొద్దున్నే వచ్చానంది. నేను వచ్చేదాకా కూర్చుందామనుకుందట. గేటు ముందే నిలబడి సంఘం అధ్యక్షుడికి ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. నా మనసు మంచిదని, అయితే అందరినీ అడగకుండా మీటింగులో అట్లా చెప్పి ఉండకూడదని అన్నాడు. ఫోన్ పెట్టేసి, మా ఇంటి ముందు ఆరబోసుకుందువు గాని రమ్మని అవ్వను పిలిచాను. నా చుట్టమని చెబితే వాచ్‌మన్ పంపుతాడని కూడా అన్నాను. అనగానే ఆ మాట ఎట్లా వినబడిందో నాకే తెలిసింది.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "వద్దులే పాపా. రోడ్డు మీదైతే నాకు ఎండ బాగుంటాది," అంది. మూట తలకెత్తమని అడిగింది. ఎత్తాను. చీరలోంచి నా చేతికి చింతపండు జిగురు అంటుకుంది. "ఎండ శానా ఉండాది, లోపలికి పో," అని నాకు చెప్పి, కార్లు వచ్చే దారినే పక్కగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. వాచ్‌మన్ నా కోసం గేటు పూర్తిగా తెరిచాడు. నేను ఆ గేటు దాటి లోపలికి పోయాను. అంతకంటే చేయగలిగింది ఏమిటో నాకు ఆ రోజు తోచలేదు.

రెండు రోజుల తర్వాత, అవ్వను గేటు దగ్గర ఆపారన్న కోపంతో, అన్నను కలవడానికి కాలనీలో ఉన్న అతని ఆఫీసుకు వెళ్లాను. అతను కడప టౌనులో ఉంటాడు, రోజూ అక్కడి నుంచి వస్తాడు. నేను ఆఫీసు వరండాలో ఎదురుచూస్తుంటే అతని కారు గేటు వైపు నుంచి కాకుండా కాలనీ వెనక నుంచి వచ్చింది. వెనక ఉన్నది మా చీనీ తోట, అంటే బత్తాయి తోట. నాన్న నాటిన తోట అది, అన్న దాన్ని ప్లాట్లు చేయకుండా ఉంచుకున్నాడు. దాని మధ్యలోంచి పాత బండి దారి ఉంది, అది నేరుగా హైవేకి పోతుంది. చిన్నప్పుడు కాయల లోడు ఆ దారినే పోయేది. నేనెట్లా మర్చిపోయానో తెలియదు.

పాలెం మీదుగా ఎందుకు రావని అడిగాను. అన్న చాలాసేపు తాళంచెవులు చేతిలో తిప్పాడు.

"ఆ ముసలామె ఇంటి కాడికొచ్చేసరికి నాకు తల ఎత్తబుద్ధి కాదు," అన్నాడు.

నా కోపమంతా చల్లారిపోయింది. మరి ఆ దారే అందరికీ ఇవ్వవచ్చు కదా అన్నాను. బండ్లు తిరగాలంటే ఒక వరస చెట్లు మొత్తం కొట్టాలని, కాపు కాస్తున్న చెట్లని, నాన్న చేత్తో నీళ్లు పోసినవని అన్నాడు. నేను గట్టిగా వాదించి ఉండాల్సింది. వాదించలేదు. ఆ చెట్లు కొట్టడం నాకూ ఇష్టం లేదు. కాఫీ తాగి ఇంటికి వచ్చాను. ఎవరి గడపను టిప్పర్లు పగలగొడుతున్నాయో, ఎవరి చెట్లను మేం కాపాడుకుంటున్నామో పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ ఎండాకాలమంతా బడికి కాస్త ముందుగానే బయలుదేరేదాన్ని. అవ్వ ఇంకా బయటికి రాకముందే మలుపు దాటిపోవచ్చని.

జూన్‌లో బడులు తెరిచిన కొద్ది రోజులకే, అందరూ భయపడినట్టే జరిగింది. ట్యాంకరును తప్పించబోయి స్కూలు వ్యాను ఒకటి ఒక్కసారిగా పక్కకు తిరిగింది. పాలెం బడి నుంచి వస్తున్న ఒక ఆడపిల్ల గోడకు నొక్కుకుపోయి చెయ్యి విరిగింది. ప్రాణానికి ఏమీ కాలేదు. మరుసటి రోజు పొద్దున పాలెం ఆడవాళ్లు రోడ్డు మీద మంచాలు వేసుకుని కూర్చున్నారు. అరుపులు లేవు, నినాదాలు లేవు. కొందరు బియ్యం ఏరుకుంటున్నారు, ఒకామె పిల్లకు జడ వేస్తోంది.

నేను వచ్చేసరికి కాలనీ కార్లు, బస్సులు వరసగా నిలిచిపోయి హారన్లు మోగిస్తున్నాయి. స్కూటీ కాబట్టి పక్కల నుంచి దూరి ముందుకు వచ్చాను. నన్ను చూడగానే ఒకామె మిగతావాళ్లకు చెప్పింది.

"టీచరమ్మ బడికి పోవల్ల. దారి ఇడ్సండి."

మంచాలు జరిగాయి. నా స్కూటీ పట్టేంత సందు తెరుచుకుంది. వెనక అన్ని బండ్లూ ఆగి ఉన్నాయి. వాళ్లు నా ఒక్కదానికే దారి ఇచ్చారు. నా గురించి వాళ్లకు తెలిసిందంతా తెలిసి కూడా ఇచ్చారు. తిట్టి వెనక్కి పంపి ఉంటే తిప్పుకుని పోయేదాన్నేమో. ఆ సందులోంచి పోవడానికి మాత్రం నాకు చేతులు రాలేదు. బండి ఆపి స్టాండు వేశాను. అవ్వ మంచం మీద కొంచెం జరిగింది.

"కుచ్చుంటావా పాపా?" అంది, నమ్మలేనట్టు.

కూర్చున్నాను. దాన్ని ధైర్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎవరూ ఫోటో తీయకుండా ఉంటే బాగుండునని కొంగు మొహానికి అడ్డం లాక్కున్నాను. ఒక కారులోంచి ఎవరో, మేడం మీరు కూడానా అన్నారు. నేను నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి అన్న నడుచుకుంటూ వచ్చాడు. అతన్ని చూడగానే అలవాటుగా సగం మంది ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. అవ్వ లేవలేదు. అన్న ఆమెను చూశాడు, పక్కన కూర్చున్న నన్ను చూశాడు. కార్లలోంచి దిగిన కాలనీవాళ్లు అతని చుట్టూ మూగి, ఈ మంచాలు తీయించమని, నలభై అడుగుల రోడ్డు ఎప్పుడు వేస్తావని ఒకేసారి అడుగుతున్నారు. అవ్వ వాళ్లంతా ఆగేదాకా ఆగి, నెమ్మదిగా అడిగింది.

"ఆర్నెల్లంటివి గదప్పా."

"అంటి," అన్నాడు అన్న. మళ్లీ తనే అన్నాడు: "ఆ రోడ్డు రాదు అవ్వా. రాదని నాకు ఎప్పుడో తెలుసు."

అతని నోట అవ్వా అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. పాలెంవాళ్లు కదల్లేదు. వాళ్లకు ఇది కొత్త సంగతిలా అనిపించలేదు. మంటలు లేచింది కాలనీవాళ్లలో. మోసం చేశావని, కేసు వేస్తామని అతని మీదకు వచ్చారు. రిటైరైన ఆఫీసరు అతని చొక్కా పట్టుకున్నాడు. మా నాన్న కొడుకును నడిరోడ్డు మీద, మా నాన్న దగ్గర పనిచేసినవాళ్ల ముందు అట్లా పట్టుకోవడం చూశాను. అప్పుడే నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. తోటలోంచి దారి ఉంది కదన్నా, అన్నాను. అందరూ విన్నారు. అతన్ని కాపాడదామని అన్నానో, అతన్ని ఇంకా బయటపెడదామని అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆఫీసరు చెయ్యి వదిలాడు. అన్న నా వైపు చూసిన చూపులో కోపం లేదు. అంతకంటే కోపం ఉంటేనే నయం.

"ఉండాది," అన్నాడు. "ఇస్తా."

మరుసటి వారం జేసీబీ వచ్చింది. ఒక వరస చెట్లు పోయాయి. నేను అటు వైపు పోలేదు, ఇంట్లో కిటికీలు వేసుకుని కూర్చున్నాను. శబ్దం మాత్రం వినబడింది. కంకర పోసి రోలరు తిప్పారు. టిప్పర్లు, ట్యాంకర్లు, స్కూలు బస్సులు అటు మళ్లాయి. బడి ముందు, చర్చి ముందు స్పీడు బ్రేకర్లు పడ్డాయి. కాలనీలో కొందరు ఇప్పటికీ అన్నతో మాట్లాడరు, ఇద్దరు ముగ్గురు ఇళ్లు అమ్మేసుకుని పోయారు. అది వాళ్ల న్యాయం. లేని రోడ్డును చూపించి అమ్మిన మాట నిజమే కదా. కొన్ని కార్లు దగ్గరని ఇంకా పాలెం మీదుగానే పోతాయి.

నవంబరులో పాలెం చర్చిలో కోత పండగ జరిగింది. పంటలో మొదటి భాగాన్ని దేవుడికి తెచ్చి పెట్టే పండగ. అన్ననూ నన్నూ రమ్మని అయ్యగారు స్వయంగా వచ్చి పిలిచాడు. పోకపోతే బాగుండదని పోయాం. పాలెంవాళ్లంతా చాపల మీద కూర్చుంటే, మా ఇద్దరికీ ముందు వరసలో కుర్చీలు వేశారు. వద్దని కింద కూర్చోబోయాను, కూర్చోనివ్వలేదు. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, జొన్న కంకులు, పసుపు కొమ్ములు, ఎవరో పెట్టిన కోడి గుడ్లు. పాటలు అయ్యాక అయ్యగారు మా గురించి చెప్పాడు. సొంత తోట కొట్టించి పిల్లల ప్రాణాలు కాపాడారని, దేవుడు మా కుటుంబాన్ని దీవించాలని ప్రార్థన చేశాడు. అందరూ ఆమెన్ అన్నారు. అవ్వ గొంతు నా వెనక నుంచే వినబడింది. చెయ్యి విరిగిన పిల్ల వచ్చి మాకు శాలువాలు కప్పింది. ఆ చెయ్యి ఇంకా పూర్తిగా చాపలేకపోతోంది.

లేచి నాలుగు మాటలు చెప్పమన్నారు. మాటలు చెప్పి బతికేదాన్ని, ఒక్క మాట రాలేదు. చేతులు జోడించి నిలబడ్డాను. నాకు కన్నీళ్లు వచ్చాయని, అది సంతోషమని వాళ్లు అనుకున్నారు. కొందరు ఆడవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆ తప్పును సరిదిద్దే మాట నా దగ్గర లేదు. ఉన్నా ఆ పండగ పూట చెప్పి ఉండేదాన్ని కాదు.

భోజనాలు అయ్యాక కారు ఎక్కాం. అన్న శాలువాను మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపు కారు స్టార్ట్ చేయలేదు.

"తిట్టింటే బాగుండు," అన్నాడు.

బయట అయ్యగారు మా కారు కదిలేదాకా చెయ్యి ఊపుతూ నిలబడి ఉన్నాడు. ఎండలో ఆయన్ను నిలబెట్టడం బాగలేదు, పోదాం పదన్నా అన్నాను.